వాన నీటిలో వెండి చుక్క

బాపట్లలో మేముండే వీధి చివర ఒక చిన్న గుడి ఉంది. శనివారం సాయంత్రాలు అక్కడ గుగ్గిలం వేస్తారు. పొగ లేవగానే అందరూ కళ్ళు మూసుకుని చేతులు జోడిస్తారు. నేనూ జోడిస్తాను. అయితే ఆ వాసన తగలగానే నా మూసిన కళ్ళ ముందు నిలబడేది స్వామి కాదు. తెనాలిలో కాలవ గట్టు పక్కన ఒక రేకుల చావిడి, దాని ముందు తులసి కోట, తులసి కోటను ఆనుకుని పగిలిన రేడియోల పోగు. రేడియో లోపల తీగలు అతికించే సీసంతో పాటు గుగ్గిలం కూడా వాడతారనీ, నిప్పు సెగకు ముందుగా లేచేది ఆ వాసనేననీ నాకు ఇరవై ఏళ్ళ వయసులో తెలిసింది. గుళ్ళో నిలబడి పాత ఇనప సామాను గుర్తు చేసుకుంటున్నానేంటా అని మొదట్లో చాలా నొచ్చుకునేదాన్ని. ఇప్పుడు నొచ్చుకోవడం మానేశాను. నన్ను ఆ పెరట్లోకి నడిపించినదీ ఆయనే కదా. అక్కడ నాకు పని నేర్పిన మనిషి భద్రమ్మగారు. ఆవిడను ఎరిగినవాళ్ళు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు. ఎరగని వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

భద్రమ్మగారు పొడుగ్గా, బక్కపలచగా ఉండేవారు. ఎప్పుడూ తెల్లటి నేత చీరే. ఆవిడను చూసిన వాళ్ళ చూపు ముందు ముఖం మీదికి కాక చేతుల మీదికి పోయేది. పది వేళ్ళూ రెండో కణుపు దాకా నల్లగా ఉండేవి. మట్టి నలుపు కాదు, మసి నలుపూ కాదు. చర్మం అడుగున సిరా ఇంకిపోయినట్టు, ఎంత తోమినా పోని నలుపు. గోళ్ళు కూడా నలుపే. ఆవిడ సందులోకి వస్తే ఆడుకుంటున్న పిల్లలు గోడకు అతుక్కుపోయేవాళ్ళు. చేతబడి చేస్తుందని, రాగి రేకు మీద వెంట్రుకలు మొలిపిస్తుందని చెప్పుకునేవారు. అన్నం తినని పిల్లలకు తల్లులు ఆవిడ పేరు చెప్పి భయపెట్టేవారు. ఆవిడ చెవిన పడినా కోప్పడేది కాదు. "చెప్పుకోండమ్మా, నా పేరు చెబితే ఇంకో ముద్ద తింటున్నారుగా," అనేది.

ఆవిడ అత్తవారిది తరాల నాటి పని. కంసాలి కొట్లలో ఊడ్చిన దుమ్ము సంచుల్లో తెచ్చి, కాలవలో కడిగి, కాల్చి, అందులో దాక్కున్న బంగారం నలుసులు, వెండి నలుసులు బయటికి తీసేవారు. భర్త పోయాక ఆ పని ఆవిడ చేతికి వచ్చింది. పంతొమ్మిదివందల అరవైల్లో బంగారం కట్టడి చట్టం వచ్చి కొట్లు ఒక్కొక్కటీ మూతపడుతుంటే దుమ్ము రావడం తగ్గిపోయింది. అప్పుడు ఆవిడ దృష్టి మరో చెత్త మీద పడింది. టెలిఫోను ఆఫీసుల్లో తీసి పారేసిన స్విచ్చు మీటల పెట్టెలు, మరమ్మతుకు లొంగని రేడియోలు. వాటిలో తీగకు తీగ తాకే చోట మినపగింజలో సగం కూడా లేని వెండి చుక్కలుంటాయని ఎవరు చెప్పారో, ఆవిడే కనిపెట్టిందో నాకు తెలియదు. అడిగితే, "వెండి ఎక్కడ దాక్కున్నా వెండేగా," అని ఊరుకునేది.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడింది. నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి, పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించారు. స్తోత్రాలు, లెక్కలు, ఉత్తరం రాసే పద్ధతి అన్నీ ఆయన నేర్పినవే. ఆయన పోయాక అమ్మా నేనూ మిగిలాం. ఒక ఉదయం భద్రమ్మగారు మా గుమ్మం బయటే నిలబడి అమ్మను పిలిచారు. "ఏమ్మా, మీ అమ్మాయి రాత అచ్చు గుద్దినట్టుంటుందటగా. నా సంచులకి చీటీలు రాసిపెడుతుందేమో అడుగు." అమ్మ నా వంక భయంగా చూసింది. నాకూ భయమే. అయినా వెళ్ళాను. ఆ రోజు వెళ్ళనిచ్చినందుకు అమ్మకూ, పిలిచినందుకు ఆవిడకూ నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కుంటి కాలు పిల్లకు పని ఉంటుందని అప్పటికి ఇంకెవరికీ తోచలేదు.

చీటీ మీద రాయవలసినవి మూడు. సంచి ఎవరిది, ఏ ఊరిది, ఏ రోజు వచ్చింది. ఆవిడకు చదవడం రాదు. కాని ఏ సంచి ఎక్కడ ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది. మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంకేదీ చెప్పకుండా ఒకే మాట చెప్పింది. "వరాలూ, ఈ పెరట్లో నువ్వేం పాడుచేసినా తిట్టను. యాసిడ్ ఒలకబోసినా తిట్టను. ఒకరి సంచి ఇంకొకరి సంచిలో మాత్రం కలపకు. కలిపాక ఎవరి సొత్తు ఎవరిదో ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు." సరేనండి అన్నాను. అప్పుడు నాకది చాలా తేలికైన మాటగా అనిపించింది.

మొదటి వారంలోనే ఒక పొరపాటు చేశాను. వెండిని యాసిడ్‌లో కరిగిస్తే నీళ్ళలాగే తేటగా ఉంటుంది. దాన్ని ఆవిడ వెండి నీళ్ళు అనేది. పలచన చేయడానికి నీళ్ళు తెమ్మంటే, చావిడి మూల మూతపెట్టిన కుండ ఉండగా, నేను శ్రద్ధగా బావిలో చేది తెచ్చి పోశాను. పోసీ పోయకముందే గిన్నె అంతా పాలైపోయింది. తెల్లగా, గడ్డగడ్డలుగా, విరిగిన పాలలా. కెవ్వుమన్నాను. భద్రమ్మగారు నింపాదిగా వచ్చి చూసి, "పాలు పొంగాయా? ఇంక నైవేద్యం పెట్టు," అంది. తర్వాత చెప్పింది. బావి నీళ్ళలో ఉప్పు ఉంటుంది. వెండి నీళ్ళకు ఉప్పు తగిలితే ఇలా విరుగుతుంది. అందుకే వానాకాలంలో పట్టి దాచిన నీళ్ళే వాడాలి. చెమట చుక్క పడినా విరుగుతుంది. ఆ తెలుపును కాస్త వేలితో తీసి ఎండలో రాతి మీద పెట్టింది. చూస్తుండగానే అది ఊదారంగుకు తిరిగి, నల్లబడింది. దానికి కళ్ళున్నట్టూ, ఎండ చూడగానే మూసుకున్నట్టూ అనిపించి నేను వెనక్కి జరిగాను. "నా వేళ్ళూ ఇంతే," అంది ఆవిడ. "వెండి నీళ్ళు పడ్డప్పుడు ఏమీ కనబడదు. మంచినీళ్ళే అనుకుంటాం. మర్నాడు ఎండలోకి వెళ్తే బయటపడుతుంది."

తర్వాత ఏళ్ళలో ఆ పనంతా వరుసగా నేర్చుకున్నాను. రేడియో లోపలి బోర్డును పట్టకారుతో పట్టుకుని నిప్పుల మీద చూపాలి. గుగ్గిలం వాసన వచ్చి, సీసం మెరిసి కదలగానే రాతికి తట్టాలి. అతికించినవన్నీ చీమల్లా రాలిపడతాయి. వాటిలో వెండి చుక్కలున్న రేకులు ఒక పక్క, రాగి ఒక పక్క, బంగారు పూత ఉన్న సన్న కాళ్ళవి మరో పక్క. యాసిడ్‌లో వెండి కరిగేటప్పుడు ఇటుకరంగు పొగ లేస్తుంది. అది పీలిస్తే మనిషి దక్కడు. ఆవిడ భర్త ఊపిరితిత్తులు తిన్నది ఆ పొగే. నేను కుంపటికి కుంకుమ పెట్టి, కళ్ళు మూసుకుని శ్లోకం చదువుకుంటుంటే ఆవిడ వెనకనుంచి అరిచేది, "దణ్ణం తరవాత పెట్టుకో పిల్లా, ముందు గాలి ఎటుందో చూసుకో! ఆయన ఎక్కడికీ పోడు." బంగారం అయితే కరగకుండా అడుగున బురదలా మిగిలేది. అది బంగారమని మూసలో కరిగే దాకా నమ్మబుద్ధయ్యేది కాదు.

అన్నిటికన్నా నన్ను వణికించింది రాగి రేకు. తేటగా ఉన్న వెండి నీళ్ళలో ఆవిడ ఒక రాగి రేకు నిలబెట్టి, "మాట్లాడకుండా చూడు," అంది. మిట్టమధ్యాహ్నం. కాలవ మీద పడవ కూడా లేదు. ముందు రేకు నల్లబడింది. తర్వాత దాని అంచుల నుంచి సన్నటి తెల్ల వెంట్రుకలు మొలిచాయి. ఒకటి, పది, వంద. మొలిచి, కొమ్మలు వేసి, నీళ్ళలో లేని గాలికి ఊగుతున్నట్టు ఊగాయి. వీధిలో పిల్లలు చెప్పుకునేది అబద్ధం కాదన్నమాట. చూస్తుంటే నీళ్ళు నీలంగా మారాయి. "ఇదంతా టెలిఫోను వెండి," అంది భద్రమ్మగారు మెల్లగా. "ఎంతమంది హలో అన్నారో దీని మీదుగా. పెళ్ళి కబురు, చావు కబురు, అన్నీ దీన్నే తాకి వెళ్ళాయి. ఏదీ అంటలేదు చూడు, ఎంత తెల్లగా ఉందో." ఆవిడ ఓదార్పుగానే చెప్పింది. కాని ఆ రోజు నుంచి ఆ మీటలు గిల్లేటప్పుడు నాకు చెవి దగ్గర ఎవరో ఊపిరి తీసుకుని మాట మొదలుపెట్టబోతున్నట్టే ఉండేది.

డెబ్బైల్లో వచ్చిన ఉప్పెన సంగతి ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. మా తెనాలిలో రేకులు లేచిపోయాయి, చెట్లు కూలాయి. సముద్రం ఒడ్డున ఊళ్ళకు ఊళ్ళే లేవు. రెండు నెలలయ్యాక పాత సామాను బండి మా పెరటి ముందు ఆగింది. రెండు గోనె సంచులు దింపారు. ఒకటి రేపల్లెలో ఒక రేడియో మరమ్మతు కొట్టుది. కప్పు ఎగిరిపోయి వానకు తడిసిన రేడియోలు. రెండోది సముద్రపు ఒడ్డున ఏరినది. ఇసకలో, ముళ్ళకంచెల్లో, విరిగిన పడవల్లో దొరికినవి. నేను రెండు చీటీలు రాశాను. రెండో చీటీ మీద "ఎవరిది" అన్న చోట ఏం రాయాలో తెలియక భద్రమ్మగారి వంక చూశాను. "ఖాళీగా ఉంచు," అంది.

ఆ రెండో సంచి నన్ను నిలవనివ్వలేదు. దాన్ని ఎండబెట్టడానికి గోనె మీద పరిస్తే, ఒక రేడియోలోంచి చిన్న గవ్వ దొర్లింది. ఇంకో దాని స్పీకరులోంచి ఇసక ఆగి ఆగి రాలుతూనే ఉంది, లోపల ఎవరో కదులుతున్నట్టు. ఎండకు ఆ స్పీకర్ల అట్టలు ఆరి బిగుసుకుంటూ టక్, టక్ మనేవి. ఒకటి అన్నాక కాసేపటికి ఇంకొకటి. ఒకరి మాటకు ఒకరు బదులు చెప్పుకుంటున్నట్టు. నేను విష్ణు నామాలు చదువుకుంటూ పని చేయబోయాను. నామానికీ నామానికీ మధ్య అవి టక్ మనేవి. మూడో రోజు భద్రమ్మగారు దగ్గు మందు కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పెరట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకు ఆ సంచి విడిగా ఉండకూడదనిపించింది. పోయినవాళ్ళ వస్తువులన్నీ ఒక్కచోట పోగుపడి ఉంటేనే దోషం, మామూలు వాటిలో కలిపితే పలచబడిపోతుంది అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే అనుకున్నాను. రెండు సంచులూ ఒకే పోగు చేసి, చావిడిలో పరిచి, చీటీలు రెండూ పోగు మీదే పెట్టాను. టక్ టక్ ఆ తర్వాత కూడా వినిపించింది. కాని ఎవరిదో తెలియడం లేదు కదా అని మనసు కుదుటపడింది.

మర్నాడు భద్రమ్మగారు దగ్గుతూ వచ్చి, చావిడి బయటి నుంచే, "విడివిడిగానే ఉన్నాయిగా?" అని అడిగింది. "ఉన్నాయండి," అన్నాను. ఆవిడతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

దగ్గు తగ్గక ఆవిడ చావిడిలోకి రావడం లేదు. పది రోజులకు ఒకావిడ మా పెరటి తలుపు దగ్గర నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. రేపల్లె నుంచి పొద్దున రైలుకు వచ్చిందట. పేరు ఆదిలక్ష్మి, ఒడ్డున చేపలు పట్టే పల్లెకారుల ఊరు. మెళ్ళో పసుపుతాడు, చేతులకు గాజులు ఉన్నాయి. గాజులు చప్పుడు కాకుండా చేతులు పొట్టకు అదుముకుని మాట్లాడుతోంది.

"అమ్మా, రేపల్లె కొట్టులోని రేడియోలు మీ దగ్గరికే వచ్చాయంటగా?"

"వచ్చాయి. కూర్చో. మంచినీళ్ళు తాగు ముందు," అంది భద్రమ్మగారు.

ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. గాలివాన రోజు పొద్దున ఆవిడకూ భర్త కోటయ్యకూ మాటా మాటా వచ్చింది. గాలి తేడాగా ఉంది, సముద్రం మీదికి పోవద్దని ఆవిడ బతిమాలింది. "సరే, నీ పీకులాట పడలేను, రేపల్లె పోయి రేడియో బాగుచేయమని ఇచ్చేసి, అట్నుంచి అటే రైలెక్కి మద్రాసు హార్బరు పనికి పోతా," అని అతను రేడియో చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పటికే అక్క పురిటికని ఆవిడకు చెరుకుపల్లి నుంచి కబురొచ్చి ఉంది. అతని వెనకే ఆవిడా బయల్దేరింది. అందుకే బతికింది. తిరిగి వచ్చేసరికి ఇల్లు లేదు, వీధి లేదు. పడవలు వెళ్ళాయని కొందరన్నారు. ఎవరు ఎక్కారో చూసినవాళ్ళు మిగల్లేదు.

"మా అత్త, కులపెద్దలు ఈ అమావాస్యకి గాజులు తీసెయ్యమంటున్నారమ్మా. నేను తియ్యనన్నా. రేడియో కొట్లో ఇచ్చుంటే మా ఆయన రైలెక్కినట్టే. నా మీద అలిగి కబురు చెయ్యట్లేదు, అంతే. కొట్టాయన్ని అడిగితే, ఎవరెవరు ఇచ్చారో నాకు గుర్తులేదమ్మా, సరుకంతా తెనాలి పోయింది పో అన్నాడు."

"గుర్తేమైనా ఉందా దానికి?"

"స్టేషను ముల్లు తిప్పే దారం తెగితే వల దారం కట్టాడండి. వలలకేసే మా ముడే వేశాడు."

నేను ఆ రేడియో చూశాను. దారం గట్టిగా ఉందేంటని వేలితో లాగి కూడా చూశాను. లేచి వెళ్ళి పోగులో వెతికి తీసుకొచ్చాను. ఆదిలక్ష్మి దాన్ని చూసి కేక పెట్టలేదు. ముడిని బొటనవేలితో ఒకసారి తడిమి, "ఇదే," అంది. ముఖం వెలిగిపోయింది. "కొట్టు సంచిలోదే కదమ్మా?"

భద్రమ్మగారు నా వైపు తిరిగింది. "ఏ సంచి వరాలూ?"

"కలిపేశానండి," అన్నాను.

ఆవిడ తిట్టలేదు. "ఎందుకే?"

"భయమేసిందండి."

"ఎవరికి భయపడ్డావు? చచ్చిపోయినోళ్ళకా?"

"అవునండి."

"చచ్చిపోయినోళ్ళు నిన్నేం చేస్తారే? ఇదిగో, బతికున్నావిడ వచ్చి నిలబడింది. ఈవిడకి భయపడు."

అలా అని ఆవిడ లోపలికి వెళ్ళి మూడు గాజు గిన్నెలు, వాన నీళ్ళ కుండ, వెండి నీళ్ళ సీసా తెచ్చి అరుగు మీద పెట్టింది. రేడియో ముల్లు తిరిగే చోట మూసిన చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపల పలచటి రేకులుంటాయి. పోగులో పక్కవాటి ఇసక అంటుకున్నా ఆ డబ్బా లోపలికి పోదు. సముద్రంలో మునిగి నానితే మాత్రం ఉప్పు లోపలికి చేరుతుంది. ఆవిడ ఆ సంగతి ఆదిలక్ష్మికి విడమరిచి చెప్పింది. ఆ రేకులు కడిగిన వాన నీళ్ళు వెండి నీళ్ళ చుక్క పడ్డా తేటగా ఉంటే కొట్టుది. పాలలా విరిగితే సముద్రానిది. "చూడమంటావా, వద్దంటావా? నీ ఇష్టం. చూశాక మాత్రం చూడనట్టు ఉండలేం."

ఆదిలక్ష్మి ఆ రేడియోనే చూస్తూ, "చూడండి," అంది.

ముందు కొట్టువాళ్ళు అంటించిన చీటీ ఇంకా ఊడిపోని ఒక రేడియో డబ్బా విప్పి, రేకులు మొదటి గిన్నెలో కడిగింది. వెండి నీళ్ళ చుక్క వేసింది. ఊపిరి తగిలిన అద్దంలా లేతగా మసకేసి ఊరుకుంది, విరగలేదు. తర్వాత ఒళ్ళంతా ఇసక పట్టిన ఒక ఒడ్డు రేడియో. చుక్క పడగానే పాలు. మూడోది కోటయ్యది. దాన్ని తనే విప్పి, రేకులు మూడో గిన్నెలో కడిగి, పొడిగా ఉన్న గాజు పుల్ల నా చేతికిచ్చింది.

"నేనాండీ?"

"కలిపింది నువ్వు. చూడాల్సిందీ చెప్పాల్సిందీ నువ్వే. చేతులు కడుక్కో, మూడుసార్లు. ఏడవకు. ఏడుపూ ఉప్పే. ఏడవాలంటే అవతలికెళ్ళి ఏడ్చి రా."

నేను ఏడవలేదు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. భద్రమ్మగారికి దగ్గు తెర వచ్చి, గోడ వైపు తిరిగి, మాకు వీపు పెట్టి నిలబడింది. ఆదిలక్ష్మి కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి. నా ఎడమ వైపు వాన నీళ్ళ కుండ. కుడి వైపు వెండి నీళ్ళ సీసా. రెండూ చూడటానికి ఒక్కలాగే ఉన్నాయి. పుల్ల ఎడమ వైపు ముంచితే గిన్నె తేటగా ఉండిపోతుంది. ఆవిడ గాజులతో ఇంటికి వెళ్తుంది. ఎవరికీ తెలియదు. పాపమా పుణ్యమా అని కూడా ఆలోచించలేదు. నా చెయ్యి దానంతటదే ఎడమకు జరిగింది.

"కుడివైపు, వరాలూ," అంది భద్రమ్మగారు, వెనక్కి తిరగకుండానే.

ఆవిడకు ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. పుల్ల నీళ్ళను ముట్టనే లేదు, చప్పుడు కాలేదు. కుడివైపు ముంచి, గిన్నె మీద పట్టుకున్నాను. చుక్క చివరన కాసేపు వేలాడి, పడింది. పడిన చోట నుంచి తెల్లటి పొగలా అడుగుకు దిగి, విచ్చుకుని, గిన్నె నిండింది. చావిడిలో ఒక రేడియో టక్ మంది. దానికి బదులు మాత్రం రాలేదు.

"సముద్రమేనమ్మా," అన్నాను. నా గొంతు నాకే ఇంకెవరిదో అనిపించింది.

ఆదిలక్ష్మి ఆ తెలుపును చూస్తూ కూర్చుండిపోయింది. ఎండ పక్కకు తిరిగి గిన్నె అంచు మీద పడింది. అటువైపు పాలు మెల్లగా ఊదాగా మారడం మొదలైంది. అప్పుడు ఆవిడ అడిగింది. ఎవర్ని అడిగిందో తెలియదు. "పలకని రేడియో పడవలోకి ఎవరైనా పట్టుకెళ్తారా?"

భద్రమ్మగారు ఆ గిన్నెను నీడలోకి జరిపింది.

"పట్టుకెళ్ళరుగా. రేపల్లెకే బయల్దేరాడు. రేవు దగ్గర పడవోళ్ళు కేకేసుంటారు, వలలు లాగి గంటలో వచ్చేద్దాం రారా అని. కాదనలేడు వెధవ, ఎవరేం పిలిచినా కాదనలేడు." ఆగింది. "నా మాట వినే ఇల్లు కదిలాడు. అలిగి కాదు."

భద్రమ్మగారు ఆ రేడియో ముక్కలు ఏరి, బురద పట్టిందని, కడిగి ఇస్తానని కుండ దగ్గరికి తీసుకెళ్ళబోయింది. ఆదిలక్ష్మి చటుక్కున లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఊరంతా తప్పుకుపోయే ఆ నల్ల చెయ్యిని రెండు చేతులతో పట్టుకుంది. "కడగొద్దు మామ్మగారూ. నాకు మిగిలింది ఆ ఉప్పే." అలాగే, తడి ఆరని రేకులతో సహా, కొంగులో మూట కట్టుకుంది. తలుపు దాటుతూ నా వైపు తిరిగింది. తిడుతుందనుకుని తల వంచుకున్నాను. "ఆ దారం నువ్వు తెంపలేదుగా, చాలు తల్లీ," అంది. వెళ్తుంటే గాజుల చప్పుడు వీధి చివరి దాకా వినిపించింది. ఇప్పుడు అదుముకోవడం లేదు.

ఆ రోజంతా భద్రమ్మగారూ నేనూ కలిసి ఆ పోగులో ప్రతి రేడియో విప్పాం. ఒక్కోదానికి ఒక్కో చుక్క. కొట్టువి ఒక పక్క, సముద్రానివి ఒక పక్క. సముద్రానివాటిని ఆవిడ నిప్పులో పెట్టలేదు. ఇంకా ఎవరైనా రావచ్చు అంది. ఆవిడ బతికినన్నాళ్ళూ అవి చావిడి మూలే ఉన్నాయి. మరో ఇద్దరు వచ్చారు కూడా. ఆ దగ్గే కొన్నేళ్ళకు ఆవిడను తీసుకెళ్ళింది. పోయేముందు నన్ను పిలిచి ఏమైనా చెబుతుందేమోనని ఎదురుచూశాను. ఏమీ చెప్పలేదు. నా అరచేయి తిప్పి, ఎండ వైపు పెట్టి చూసుకుని వదిలేసింది.

తర్వాత మా పిన్ని కొడుకు చలవ వల్ల నేనూ అమ్మా బాపట్ల వచ్చి వాళ్ళింట్లోనే స్థిరపడ్డాం. రోజులు దైవకృపతో ప్రశాంతంగానే గడిచాయి. పూజ దగ్గర మాత్రం ఒక మార్పు వచ్చింది. అంతకుముందు చివర్లో కళ్ళు మూసుకుని, అందరినీ చల్లగా చూడు స్వామీ అని ఒక్క మాటలో ముగించేదాన్ని. ఆ మాట నా నోటికి ఇక రాలేదు. అందరూ అంటే అది నేను కలిపిన పోగులా అనిపిస్తుంది. అందుకని ఒక్కొక్కరి పేరూ విడిగా చెబుతాను. ఆలస్యమవుతుంది. ఇంట్లో వాళ్ళు నవ్వుతారు, అన్నం చల్లారిపోతోంది అంటారు. నాన్నగారు, అమ్మ, భద్రమ్మగారు, ఆదిలక్ష్మి, ఆ వచ్చిన ఇద్దరు. ముఖమైనా ఎరగని కోటయ్య పేరు చివర చెబుతాను. ఆ పేరు చెప్పాక వెంటనే లేవలేను. గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరో వింటున్నట్టు ఉంటుంది. ఇప్పుడు భయం వేయదు. వినడం పూర్తయ్యే దాకా కూర్చుని, ఆ తర్వాతే లేస్తాను.